గేటు వైపు మోయకండి

ఆయిలోడి చెయ్యి చక్రాల మధ్యకి పోవడం మేమంతా చూశాం. చూశామని మొదటే చెబుతున్నాను. ఎందుకంటే సాయంత్రానికల్లా ఆ మిల్లులో ఎవరూ ఏమీ చూడలేదని తేల్చేశారు.

మాది చెరకు మిల్లు. సీజన్ మొదలైందంటే రోలర్లు ఆగవు. మనిషంత లావు ఇనప రోలర్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ తిరుగుతూనే ఉంటాయి. ఇటు చెరకు పోతుంది, అటు పిప్పి వస్తుంది. పళ్ళచక్రాలకీ గోడకీ మధ్య, మనిషి పక్కకి తిరిగితేనే పట్టే సందు ఒకటుంది. అందులో దూరి, చక్రాలు తిరుగుతుండగానే ఆయిలోడు బేరింగులకి ఆయిలు పొయ్యాలి. కాసేపు ఆపి పోస్తే మీ సొమ్మేం పోయిందని అడిగాం ఒకసారి. "ఆపితే చెరకు పులుస్తుంది బావా" అన్నాడు కాంట్రాక్టరు. వాడు అందర్నీ బావా అనే పిలుస్తాడు. అందుకే మేం వాణ్ణి బావగారంటాం. వరసకి మాత్రం ఏ లోటూ చెయ్యడు.

ఆ పొద్దున ఆయిలోడి చొక్కా చెయ్యి చక్రం పళ్ళకి చిక్కింది. మోచెయ్యి దాటి లాగేసింది. రోలర్ల మోతని చీల్చుకుని వాడి కేక వినబడింది. మిల్లు ఇంజను డ్రైవరు రోలర్లు ఆపి వెనక్కి తిప్పాడు. వెనక్కి తిప్పితేనే చెయ్యి బయటికొస్తుంది. వచ్చింది. దాన్ని చెయ్యి అనడానికి లేదు.

"గేటు! గేటు!" అని అరిచాడు సూపర్‌వైజరు.

అది మా మిల్లు అలవాటు. సీజన్ పనివాడికి ఏ దెబ్బ తగిలినా ఎవరో ఒకరు "గేటు" అని అరుస్తారు. అందరూ పక్కకి తప్పుకుని దారిస్తారు. బస్తాల గోడౌన్‌లోంచి అంబులెన్సు మామ పరిగెత్తుకొస్తాడు. ఆయన హమాలీ. గోడౌన్‌లో ఆయనంత మోసేవాడు లేడు. దెబ్బ తగిలినవాణ్ణి పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని గేటు దాకా ఆగకుండా ఉరుకుతాడు. అందుకే ఆ పేరు. ఆ పేరంటే ఆయనకి మీసం తిప్పుకునేంత గర్వం. "నా చేతుల్లో పడ్డాక ఎవడూ కిందపడలేదమ్మాయ్" అనేవాడు నాతో. నేను పిప్పి బెల్టు దగ్గర పార పనిదాన్ని. ఆయన ఎవర్ని మోసినా నా ముందునించే వెళ్ళాలి.

ఆయిలోణ్ణి కూడా అలాగే మోశాడు. గేటు దగ్గర వాచ్‌మన్ కత్తెరతో రెడీగా ఉన్నాడు. మెడలో తాడు కత్తిరించి రేకు బిళ్ల తీసేసుకున్నాడు. సీజన్ వాళ్ళకి రేకు బిళ్ల, పర్మనెంటు వాళ్ళకి ఇత్తడి బిళ్ల. బిళ్ల తీసేశాక రోడ్డు పక్కన పడుకోబెట్టారు. చెరకు లారీల వరస ఆ రోడ్డు మీదే ఉంటుంది. ఏదో ఒక బండి చూసి ఊళ్ళో ఆస్పత్రికి పంపాలి. బండి దొరికేలోపు మట్టిలో నెత్తురు గుంట కట్టింది. వాడి పెళ్ళాం చెరకు దించే చోటు నుంచి వచ్చేసరికి వాడు కళ్ళు తెరుచుకునే పోయాడు.

బావగారు వచ్చాడు. నెత్తి బాదుకున్నాడు. "అయ్యో బావా! లారీ చూసుకోకుండా రోడ్డు దాటావా!" అన్నాడు.

అంతే. రోడ్డు ప్రమాదం. లారీ గుద్దింది. ఏ లారీ? తెలీదు. మెడలో బిళ్ల లేదు, మనిషి గేటు బయటున్నాడు, మిల్లుకేం సంబంధం? నష్టపరిహారం ఏంటి? ఎవరిమ్మంటారు? రోడ్డునా?

చదువుకునే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇలాంటి మాట విని మీకు కోపం రావాలి. మాకైతే అప్పటికి ఏడుపే వచ్చింది. ప్రతి సీజన్‌లోనూ ఒకరో ఇద్దరో ఆ రోడ్డు మీదే పోయేవాళ్ళు. మా మిల్లు ముందు రోడ్డు అంత పాడుదని మేం కూడా నమ్మేసినట్టే ఉన్నాం.

*

మర్నాడు షిఫ్టు దిగాక మా రేకుల ఇళ్ళ లైన్ల మధ్య కూర్చున్నాం. టౌన్లో లా చదివే పిల్ల ఒకామె వచ్చింది. ఆయిలోడి పెళ్ళాం చంటిదాన్ని ఒళ్ళో పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. ఆ తల్లి కళ్ళల్లో నీళ్ళు లేవు. అది చూసి నాకు భయమేసింది.

"చట్టం మీరు సీజనా పర్మనెంటా అని అడగదు" అంది లా పిల్ల. "ఒక్క పూట పనికొచ్చినవాడైనా సరే, పనిలో దెబ్బ తగిలితే పరిహారం ఇవ్వాల్సిందే. పనిలో తగిలిందా లేదా, అదొక్కటే అడుగుతుంది."

"తగిలింది కదమ్మా! కళ్ళతో చూశాం!"

"మరి శవం రోడ్డు మీద ఎందుకుంది?"

లా పిల్ల మిల్లు వైపు చెయ్యి చూపించింది.

"మిల్లులో ఆస్పత్రి లేదా?"

"ఉంది. అది పర్మనెంటోళ్ళది" అంది అంబులెన్సు మామ పెళ్ళాం. ఆమెని అందరం అత్త అంటాం. "ఆ గుమ్మం మేం తుడుస్తాం. దాటం."

"ఆస్పత్రి లోపలుంటే మనిషిని బయటికి ఎవరు తెస్తున్నారు?"

అందరి తలలూ ఒక్కసారే తిరిగాయి. అంబులెన్సు మామ స్తంభానికి ఆనుకుని నిలబడున్నాడు. ఆ చూపులకి ఆయన మొహం ఎర్రబడింది.

"ఏంటి, నన్ను చూస్తారేంటి? నేను మోయకపోతే అక్కడే చచ్చేవాడు!"

"మోశావుగా" అంది ఆయిలోడి పెళ్ళాం. "చచ్చాడుగా."

"నోరు జాగ్రత్త, అమ్మాయ్! మీ ఆయన నెత్తురు ఇంకా నా పంచె మీదుంది!"

"రోలరు కింద ఉండాల్సిన నెత్తురు మామా అది. అక్కణ్ణించి ఎత్తి రోడ్డు మీద పోశావు. నువ్వు నా మొగుణ్ణి మోశాననుకుంటున్నావు. వాళ్ళ తప్పుని మోశావు. గేటు దాటించి వచ్చావు."

ఆయన చెయ్యెత్తాడు. కొడతాడనుకున్నాం. ఆ చెయ్యి అలాగే గాల్లో ఆగి, తన నెత్తి మీదే పడింది. కూలబడ్డాడు.

అత్త కదల్లేదు. "ఈయనకి బరువు ఎత్తితే చాలు" అంది. "ఎటు పొమ్మంటే అటు పోతాడు. ఎటు, ఎందుకు అని పెళ్ళినాడు కూడా అడగలేదు. పీటల మీదకి కూడా ఎవరో తోస్తే వచ్చాడు."

ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో గొంతులు లేచాయి. ఇక గేటు అనే మాట నోట రాకూడదని ఒకడు. లోపలికే మోద్దామని ఒకామె. గార్డులు ఎముకలు ఇరగ్గొడతారని ఒకడు. ఇప్పుడు మాత్రం ఇరగట్లేదా అని ఇంకోడు. తెల్లారితే పని పోతుంది, సీజన్ పోతే మళ్ళీ పిలవడు, పిల్లలకేం పెట్టాలని ఒక తల్లి అరిచింది. ఆమె మాటకి ఎవరి దగ్గరా జవాబు లేదు. లేని జవాబు ఉన్నట్టు నేను చెప్పను.

చివరికి అంబులెన్సు మామే లేచాడు. "ఈసారి ఎవరికి తగిలినా లోపలికే మోస్తాను. నా ముందు నడిచేవాళ్ళు కావాలి. నా చేతులు ఖాళీగా ఉండవు."

చేతులు లేచాయి. అందరివీ కాదు.

పర్మనెంటోళ్ళని కూడా అడుగుదామని బాయిలరాయన దగ్గరికి వెళ్ళాం. వాళ్ళ యూనియన్‌లో ఆయన మాట చెల్లుతుంది. కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ విన్నాడు. "మీది నాలుగు నెలల గొడవ. సీజన్ అయిపోతే మీరు పోతారు. నేను ఇక్కడే బతకాలి. మా యూనియన్ని ఇందులోకి లాగొద్దు."

"నీ కొడుకు మెడలో ఏ బిళ్లుందో ఎప్పుడైనా చూశావా?" అంది ఆయిలోడి పెళ్ళాం.

ఆయన కొడుకు చెరకు క్రేను కొక్కెం దగ్గర పని. రేకు బిళ్ల. బాయిలరాయన సబ్బు నురగతోనే కుళాయి కట్టేసి వెళ్ళిపోయాడు.

*

మా మాటలు బావగారికి చేరాయి. ఎవరు చేరవేశారో నాకు తెలుసు. ఆకలిగొన్నవాడే చేరవేశాడు. వాడి మీద రాళ్ళు వెయ్యను.

బావగారు నవ్వుతూ గోడౌన్‌కి వచ్చాడు. "వయసు మీద పడింది కదా బావా, ఇంకెన్నాళ్ళు బస్తాలు మోస్తావు? ఇవ్వాళ్టి నించి తేలిక పనిస్తున్నా" అంటూ ఆయిలు డబ్బా అంబులెన్సు మామ చేతికిచ్చాడు. చచ్చినవాడి డబ్బా. పిడికి వాడు చుట్టుకున్న గుడ్డ ఇంకా అలాగే ఉంది.

వద్దంటే పని లేదు. బక్కవాడు పక్కకి తిరిగితే పట్టే సందులో ఆ కొండంత మనిషి ఎలా పడతాడు? పొట్ట బిగబట్టి దూరాడు. "పెళ్ళప్పుడు ఇంత సన్నంగా ఉంటే వేరే సంబంధం వచ్చేది" అంది అత్త, చెరకు మోపు సర్దుతూ. ఆయన నవ్వబోయి ఊపిరి వదిలితే ఇరుక్కుంటానని ఆగిపోయాడు. ఆమె వేళాకోళం ఆయన విన్నది అదే ఆఖరు.

ఆ మధ్యాహ్నం భోజనాల కూత వెయ్యకముందే చక్రం ఆయన్ని పట్టుకుంది. ముందు చొక్కా, తర్వాత చెయ్యి. బలమున్నవాడు కాబట్టి రెండో చేత్తో గోడకి అడ్డంపెట్టి లాగాడు. మనిషికీ మిల్లుకీ మధ్య ఆ గుంజులాట నేను కళ్ళారా చూశాను. ఎముకలు ఎండుకట్టెల్లా విరిగిన చప్పుడు విన్నాను. భుజం దాకా పోయింది. నెత్తురు రోలరు మీద పడి, చెరకు రసంతో కలిసి తొట్లోకి కారింది.

డ్రైవరు వెనక్కి తిప్పాడు. మనిషి బయటికి పడ్డాడు. రోలర్లు మళ్ళీ ముందుకి తిరిగాయి.

"గేటు! గేటు!" సూపర్‌వైజరు.

అందరూ అలవాటుగా పక్కకి తప్పుకున్నారు. దారి ఇచ్చారు. గోడౌన్ వైపు చూశారు, అంబులెన్సు మామ వస్తాడని.

ఎవరొస్తారు? ఆయన ఇక్కడే పడున్నాడు.

అత్త అందరికంటే ముందు తేరుకుంది. చీర కొంగు చింపి, మోకాలు ఆయన మెడ పక్కన ఆనించి, భుజానికి బిగించి కట్టింది. ఆయన కళ్ళు తెరిచాడు.

"గేటు వైపు మోయకండి" అన్నాడు.

"మాట్లాడకు."

"బిళ్ల... కత్తిరిస్తాడు. నా నోట్లో పెట్టవే."

అత్త ఆయన మెడలో తాడు లాగి రేకు బిళ్లని పళ్ళ మధ్య పెట్టింది. ఆయన కరిచి పట్టాడు. ఆ తర్వాత ఆయన నోటి నుంచి ఒక్క మాట రాలేదు. ఒక్క కేకా రాలేదు.

పాత బెల్టు ముక్క ఒకటి లాక్కొచ్చి దాని మీదకి చేర్చాం. ఒక్కడు ఇంతమందిని మోశాడు. ఆయన్ని మోయడానికి మా అందరి చేతులూ చాల్లేదు. ఒక మూల అత్త, ఒక మూల ఆయిలోడి పెళ్ళాం, ఒక మూల బాయిలరాయన కొడుకు, ఒక మూల నేను. మధ్యలో ఎవరికి ఎక్కడ పట్టు దొరికితే అక్కడ. ఎడం పక్కకి తిరిగాం. గేటు కుడివైపు.

"అటు కాదే! ఎటు పోతున్నారు?" సూపర్‌వైజరు చేతులు అడ్డంపెట్టాడు. ఎవరిదో పార వాడి మోకాళ్ళకి తగిలింది. నాదే అనుకోండి.

బాయిలరు ముందుకి వచ్చేసరికి గార్డులు కర్రలతో వరసగా నిలబడున్నారు. వాళ్ళ వెనక బావగారు.

"బావా, బావా, ఆగండి! నేనేమన్నా కసాయోణ్ణా? నా కారు పెట్టించాను. గేటు బయట ఉంది. పెద్దాస్పత్రికి తీసుకుపోతా. ఈ మందుబిళ్లల కొట్లో ఏముంది? అక్కా, నీ మొగుణ్ణి నువ్వే చంపుకుంటావా?"

కారు మాట వినగానే మాలో వేగం తగ్గింది. బతకడమే కదా కావాల్సింది! "ఎక్కిద్దాం అత్తా, బతుకుతాడు" అన్నాడు వెనకనించి ఒకడు. అత్త మొగుడి మొహం వైపు చూసింది. ఆ చూపు ఎంతసేపుందో నేను చెప్పలేను. మా అందరి ప్రాణం అందులోనే ఉంది.

"కారు లోపలికి పట్రా" అంది.

"ఆఁ?"

"లారీలు లోపలికొస్తున్నాయిగా. కారు రాదా? ఇక్కడిదాకా పట్రా. మిల్లులో దెబ్బ తగిలిన మనిషని చెప్పి, ఇక్కడే ఎక్కించుకో. నేనే కాళ్ళు పట్టి ఎక్కిస్తా."

బావగారు మేనేజరు ఆఫీసు కిటికీ వైపు చూశాడు. కిటికీ మూసుంది.

"లోపలికి రాని కారు మాకెందుకురా!" అని అత్త అడుగు ముందుకేసింది. వాణ్ణి ఎవరైనా రా అనడం మా చెవులతో వినడం అదే మొదలు.

కర్రలు లేచాయి. వాళ్ళు మా తలల మీద కొట్టలేదు మొదట. చేతుల మీద కొట్టారు. బెల్టు పట్టుకున్న వేళ్ళ మీద. వదిలిస్తే చాలని. నా చూపుడువేలు అప్పుడు విరిగిందే, ఇప్పటికీ వంకరగానే ఉంది. ఆయిలోడి పెళ్ళాం ముంజేయి పుటుక్కుమంది. ఆ మూల జారబోతుంటే వంగి కిందనించి భుజం పెట్టింది. బెల్టు జారలేదు. మా వెనకున్న వాళ్ళు పారలతో, చెరకు గడలతో, పిప్పి లాగే పళ్ళకర్రలతో మీద పడ్డారు. ఒక గార్డు బుగ్గ చీలింది. ఇంకోణ్ణి పిప్పి గుట్టలోకి తోసి తొక్కారు. వాళ్ళూ మాలాగే కూలోళ్ళేనని నాకు తెలుసు. ఆ క్షణాన ఆ సంగతి వాళ్ళకి తెలీదు.

ఒక కర్ర బాయిలరాయన కొడుకు నెత్తి మీద పడింది. నుదురు నించి గడ్డం దాకా నెత్తురు. వాడు బెల్టు వదల్లేదు గానీ, "నాన్నా!" అని అరిచాడు.

బాయిలరు తలుపు దగ్గర బాయిలరాయన నిలబడున్నాడు. అప్పటిదాకా చూస్తూనే ఉన్నాడు. లోపలికి పోయాడు. పారిపోయాడనుకున్నాం. ఆవిరి కూత లేచింది. ఆగని కూత. షిఫ్టు కూత కాదు, భోజనాల కూత కాదు. మిల్లు మొత్తం చెవులు రిక్కించింది. ఆవిరి అందక రోలర్లు నెమ్మదించి, ఆగాయి. సీజన్ మధ్యలో అలాంటి నిశ్శబ్దం అంతకుముందు ఎవరం వినలేదు.

బాయిలరాయన బయటికొచ్చాడు. చేతిలో పొయ్యి కెలికే ఇనప ఊచ. కొన ఎర్రగా మండుతోంది. ఆయన వెనక ఇత్తడి బిళ్లలవాళ్ళు.

"దారి" అన్నాడు గార్డులతో. ఇంకేమీ అనలేదు. దారి వచ్చింది.

ఆస్పత్రి తలుపు లోపలనించి గడియపెట్టి ఉంది. కిటికీలో డాక్టరు. "మేనేజరు చెప్పకుండా నేను ముట్టుకోను. నాది ఉద్యోగం!"

"మాదీ ఉద్యోగమే డాక్టరుగారూ" అంది అత్త. బాయిలరాయన ఊచతో గడియ పొడిచాడు. ఇంకో దెబ్బకి తలుపు విరిగి లోపలికి పడింది. అంబులెన్సు మామని మోసుకుంటూ మేం తుడిచిన గుమ్మం మొదటిసారి దాటాం.

డాక్టరు కుర్రవాడు. అయినా పని చేశాడు. ఆ మాట చెప్పకపోతే తప్పు. సూది వేశాడు, నరం పట్టుకున్నాడు, చొక్కా అంతా నెత్తురు చేసుకున్నాడు. కానీ ఒంట్లో నెత్తురు మిగల్లేదు. కర్రలతో మమ్మల్ని ఆపినంతసేపూ అది కారుతూనే ఉంది. అంబులెన్సు మామ ఆ బల్ల మీదే పోయాడు. బిళ్ల పళ్ళ మధ్యే ఉంది.

గేటు లోపల పోయాడు.

*

మేనేజరు అప్పుడొచ్చాడు. శవాన్ని వెనక దారిన చెరకు లారీలో పంపెయ్యమన్నాడు. నేల కడగమన్నాడు. రోలరు నించి ఆస్పత్రి దాకా సిమెంటు మీద నెత్తురు చార కట్టింది. పైపు తెచ్చారు.

ఆడవాళ్ళం ఆ చార పక్కన బారుగా కూర్చున్నాం. ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని. బాయిలరు వేడినీళ్ళ పైపు మా మీదకి తిప్పారు. వీపులు ఉడికాయి. నా పక్కనామె చర్మం చీరతో పాటు ఊడొచ్చింది. వంగి మా ఒళ్ళు అడ్డంపెట్టాం. బాయిలరాయన వెళ్ళి ఆ నీళ్ళూ కట్టేశాడు. చార మిగిలింది.

సాయంత్రం పోలీసులొచ్చారు. "మనిషి ఎక్కడ పోయాడు?" అని అడిగాడు ఇన్‌స్పెక్టరు బావగార్ని. "రోడ్డు మీదండీ, లారీ..." అంటూ మొదలెట్టాడు వాడు, అలవాటుగా. అంటూనే కాళ్ళ కిందకి చూసుకున్నాడు. వాడు చార మీదే నిలబడున్నాడు. ఎవరో పకపకా నవ్వారు. అంత ఏడుపులోనూ నవ్వారు. ఆ నవ్వుకే లాఠీలు లేచాయి.

మేం వెనక్కి జరిగి శవం చుట్టూ చేరాం. ఆస్పత్రి గది గోడల మీద మా నెత్తురు చిమ్మింది. ఒక పోలీసు అంబులెన్సు మామ నోట్లోంచి బిళ్ల లాగబోయాడు. దవడ బిగుసుకుపోయింది. లాఠీ కొన పెట్టి తిప్పాడు. పన్ను విరిగింది, బిళ్ల రాలేదు. డాక్టరే వాడి చెయ్యి పట్టుకుని "చాలు" అన్నాడు.

మేం ఒక్కరం కూడా నడిచి బయటికి రాలేదు. "మోసుకుపొండి" అన్నాం. మోశారు. చెమటలు కక్కుతూ, తిట్టుకుంటూ, ఒక్కొక్కర్నీ గేటు దాకా మోశారు. "అంబులెన్సు మామయితే ఒక్కడే మోసేవాడురా!" అని అరిచింది ఆయిలోడి పెళ్ళాం, విరిగిన చెయ్యి గాల్లో వేలాడుతుంటే.

*

శవం అప్పగించి అత్తని మాత్రం వదిలేశారు. ఆమె జైలుకి మమ్మల్ని చూడ్డానికొచ్చింది. ఇనప జల్లెడకి అటు ఆమె, ఇటు మేం. బాయిలరాయన్ని కూడా మగవాళ్ళ వైపు నుంచి తెచ్చి మా పక్కనే నిలబెట్టారు.

"మిల్లు మళ్ళీ తిప్పుతున్నారు" అంది. "బావగారు ఎక్కడ్నించో లారీల నిండా కొత్తవాళ్ళని దించాడు. పోలీసుల కాపలాలో పని."

మా తలలు వాలిపోయాయి. అంతా అయిపోయిందనుకున్నాం.

"నిన్న ఒకడి చెయ్యి బెల్టులో పోయింది. మనకి భాష కూడా సరిగ్గా అర్థం కాని మనిషి. సూపర్‌వైజరు గేటు గేటు అని గొంతు చించుకున్నాడు."

"మోశారా?" అన్నాను.

"మోశారు."

"గేటుకా?"

అత్త కొంగుతో మూతి తుడుచుకుంది. ఆ కొంగు సగమే ఉంది.

"వాళ్ళకి మీ మామ ఎవరో తెలీదే అమ్మాయ్. ఎవరూ చెప్పలేదు. కానీ ఆ చార ఇంకా పోలేదు. రోజూ రుద్దుతున్నారు, పోలేదు. ఆ కొత్తవాళ్ళు దాని వంక చూశారు, ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. వాణ్ణెత్తుకుని దాని వెంబడే పోయారు. ఆస్పత్రిలోకి. ఇత్తడి బిళ్లలవాళ్ళు దారిచ్చారు. ఆ తలుపు ఇంకా బిగించలేదు."

బాయిలరాయన జల్లెడకి నుదురానించాడు. "వాడు బతికాడా?"

"బతికాడు. చెయ్యి మిల్లులోనే పోయిందని డాక్టరు మేనేజరు మొహం మీదే చెప్పాడట. పరిహారం ఇచ్చేదాకా చక్రం తిప్పేది లేదని లోపల కూర్చున్నారు, రేకువాళ్ళూ ఇత్తడివాళ్ళూ కలిసి." అత్త లేచింది. "నేను పోవాలి. ఆయిలోడి సంగతీ, మీ మామ సంగతీ కూడా తేలేదాకా లేవొద్దని వాళ్ళకి చెప్పాలి. భాష రాదుగా. వాళ్ళ పక్కన కూర్చుని చెబుతా."